సలోమి చెప్పని ఐదు మాటలు

కరెంటు పోయినప్పుడు మోడెమూ, రౌటరూ, తీగలన్నీ వచ్చి కలిసే స్విచ్చు పెట్టె కూడా ఆరిపోకుండా ఉండేందుకు, జూనియర్ అసిస్టెంటు కె. సలోమి చెప్పకుండా లోపల ఉంచుకున్న మాటలను బ్యాటరీగా వాడుకోవచ్చని తూములపల్లె బోరుబావుల నమోదు కార్యాలయానికి జూన్ నెలలో జిల్లా నుంచి అనుమతి వచ్చింది. అనుమతి ఒక పేజీ, షరతులు రెండు పేజీలు. ఆఫీసులో ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. పక్క మండలంలో ఒక గుమాస్తా ఆపుకున్న ఆవలింతలతో అప్పటికే ప్రింటరు నడుపుతున్నారు. కాకపోతే భోజనం తర్వాత ఆయన ఆపుకోలేకపోతున్నాడని, కాగితాలు సగంలో నిలిచిపోతున్నాయని ఫిర్యాదు ఉంది. మాటలతో ఆ ఇబ్బంది ఉండదని జిల్లా వారు తమ లేఖలో రాశారు.

తూములపల్లెలో రోజూ పదకొండు నుంచి ఒంటిగంట దాకా కరెంటు ఉండదు. ఆఫీసులో ఉండేది నలుగురు. ఉప అధికారి కోదండరామయ్య గారు, సీనియర్ అసిస్టెంటు హైమావతి, అటెండరు మస్తాన్‌వలి, సలోమి. ల్యాప్‌టాప్‌లకు వాటి బ్యాటరీలు వాటికి ఉన్నాయి కాబట్టి వాటితో చిక్కు లేదు. నెట్టు పోతేనే చిక్కు. అందుకోసం బల్ల కింద ఒక యూపీఎస్ పెట్టె ఉండేది. కొత్తలో రెండు గంటలూ పనిచేసేది. హైమావతి దానికి టేబుల్ ఫ్యాను కూడా తగిలించడంతో అరగంటకు దిగింది. మూడో ఏడాదికి కడుపు ఉబ్బి, మూడు నిమిషాలు కీచుకీచుమని ఊరుకునేది. మే నెలలో ఒకరోజు కీచుమనడం కూడా మానేసింది.

ఆ రోజు పదకొండింటికి ఫ్యాన్లు ఆగాయి గానీ, రౌటరు మీది ఆకుపచ్చ లైట్లు ఆరలేదు. మస్తాన్‌వలి తీగలన్నిటినీ ఒక్కొక్కటే పట్టుకుని వెతుక్కుంటూ పోతే, అన్నీ గోడ పక్కన ఇనుప రాక్ దగ్గర తేలాయి. ఆ రాక్‌కు సలోమి మోచెయ్యి ఆనించి కూర్చుని ఉంది. అదే సమయానికి హైమావతి, తాను ఇంటికి పట్టుకెళ్ళి మరిచిపోయిన ఫైలును సలోమి పోగొట్టిందని కోదండరామయ్య గారికి చెబుతోంది. సలోమి ఏమీ అనడం లేదు.

“మోచెయ్యి తియ్యమ్మా” అన్నాడు మస్తాన్‌వలి.

తీసింది. లైట్లు ఆరిపోయాయి.

“పెట్టు.”

పెట్టింది. వెలిగాయి.

కోదండరామయ్య గారు కుర్చీలోంచి లేచి వచ్చి, దగ్గరుండి నాలుగుసార్లు తీయించి, నాలుగుసార్లు పెట్టించి, సమయం వేసి నోట్ రాశారు. “సదరు ఉద్యోగిని మొదటి నుంచీ మితభాషి” అని చివర్లో ప్రత్యేకంగా చేర్చారు.

వారం తిరిగేసరికి జిల్లా నుంచి ఆదిశేషు మీటరు పట్టుకుని వచ్చాడు. ఎన్ని ఆఫీసుల్లో ఎన్ని బ్యాటరీలు చూశాడో ఏమో, సలోమిని చూసి కూడా “నీళ్ళు పొయ్యాల్సిన రకమా, అక్కర్లేని రకమా?” అనే అడిగాడు. పదింటికి ఒకసారి టీ తాగుతుందని మస్తాన్‌వలి చెప్పాడు. ఆదిశేషు అది రాసుకున్నాడు. తర్వాత సలోమి ఎడమ చేతికి ఒక రాగి కడియం తొడిగి, దాన్నుంచి సన్నని తీగ తీసి రౌటరుకు అడాప్టరు దూరే చోట గుచ్చాడు.

మీటరులో మాట కనిపించదు. ఎన్ని మాటలు, ఎంత పాతవి, ఎంతసేపటికి సరిపోతాయి అన్నవే కనిపిస్తాయి. రెండు మాటలు, ఇవాళ్టివి, నాలుగు సెకన్లు. టీ చల్లారింది అని పొద్దున సలోమి అనలేదు. ఆరు మాటలు, వారం కిందటివి, మూడు నిమిషాలు. ఆ ఫైలు మీ ఇంట్లోనే ఉంది మేడం అని కూడా ఆమె అనలేదు. ఇలా పైనుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చిన ఆదిశేషు అడుగుకు వచ్చేసరికి మీటరును ఒకసారి తట్టి మళ్ళీ చూశాడు. ఐదు మాటలు, ఆరు నెలల కిందటివి, గంటా యాభై నిమిషాలు.

“ఇది చూడండి సార్, ఇదీ సరుకంటే. పాత మాటకే ఓల్టేజి ఎక్కువ. మిగతాయన్నీ దీని మీద ఆనుకొని ఉండయి. ఇది గనక జారిందా, పైనుండేయన్నీ దీంతోపాటే వచ్చేస్తయి.”

“ఏందమ్మా అది?” అన్నాడు మస్తాన్‌వలి.

“అడగబాకయ్యా. చెప్తే అయిపోయిద్ది. రాసినా అంతే, సైగ చేసినా అంతే. బయటికొచ్చిన మాటలో ఏముంటది?” అని ఆదిశేషు సలోమి వైపు తిరిగాడు. “డైరీ ఏమన్నా రాసే అలవాటుందా తల్లీ?”

సలోమి తల ఊపింది.

“మానెయ్యి. అది లీకేజీ.”

షరతుల ప్రకారం సలోమిని నేల మీద కూర్చోబెట్టరాదు. తడి తగలనివ్వరాదు. ఎండ పడే కిటికీ పక్కన ఉంచరాదు. ఆమెకు మోడెమ్, రౌటరు, స్విచ్చు తప్ప ఫ్యాను, ప్రింటరు, కెటిల్ వంటి భారీ వస్తువులు తగిలించరాదు. మూడేళ్ళకొకసారి మార్చాలి. ఆమె పేరును హాజరు పట్టీ నుంచి తీసి వస్తువుల రిజిస్టరులో, పాత యూపీఎస్ ఉన్న వరుసలోనే, దాని పేరు కొట్టేసి పైన రాశారు. కుర్చీ వెనక నెంబరు అంటించారు. హాజరు పట్టీలో లేకపోతే సెలవు ఎలా పెట్టుకోవాలని సలోమి అడుగుదామనుకుంది. అడగలేదు. లైట్లు ఒక్క క్షణం కాస్త చిక్కగా వెలిగాయి. పరీక్ష సంతృప్తికరం అని ఆదిశేషు రాసి సంతకం పెట్టి, మీటరును రాక్ మీదే ఉంచి వెళ్ళాడు.

వాడేకొద్దీ చిన్న మాటలు అరిగిపోతాయి కాబట్టి రోజూ కొన్ని కొత్తవి నింపుతూ ఉండాలి. ఆ ఛార్జింగు పని హైమావతికి అప్పగించారు. పదిన్నర నుంచి పదకొండు దాకా ఆమె సలోమి ఎదురుగా కుర్చీ వేసుకుని, ఎవరికైనా తిరిగి జవాబు చెప్పబుద్ధి పుట్టే మాటలు అనాలి. సలోమి చెప్పకూడదు. అయిపోయాక ఇద్దరూ రిజిస్టరులో సంతకం చేయాలి.

“ఏందమ్మా, మీ వీధి ఆడోళ్ళు పొద్దున్నే బిందెలేసుకొని రోడ్డుకి అడ్డంగా నడుస్తారంట. వాళ్ళకేమన్నా పనీ పాటా ఉందా, లేదా?” అంది హైమావతి మొదటి రోజు.

సలోమి ఊరుకుంది. పద్నాలుగు నిమిషాలు ఎక్కింది.

“నీకీ ఉజ్జోగం ఎట్టా వచ్చిందో నాకు తెలవదనుకున్నావా?”

పరీక్షలో సలోమిది జిల్లాలో రెండో ర్యాంకు. హైమావతిది ఎన్నోదో ఆమె ఎవరికీ చెప్పలేదు. సలోమి ఊరుకుంది. తొమ్మిది నిమిషాలు.

మొదటి వారం హైమావతి ఈ పని ఇష్టంగానే చేసింది. రెండో వారానికి ఆమె దగ్గర సరుకు అయిపోయింది. “నిన్ననాలంటే వంట చేసుకుంటా ఆలోచించుకోవాల్సొస్తంది పిల్లా. నిన్న వంకాయ కూర మాడబెట్టా” అని సలోమితోనే చెప్పుకుని బాధపడింది. మర్నాటి నుంచి ఛార్జింగుకు వచ్చేటప్పుడు చిన్న డబ్బాలో గోంగూర పచ్చడి కూడా తేసాగింది. పచ్చడి పెట్టాక తిట్టేది. పచ్చడి విషయం రిజిస్టరులో రాయలేదు.

నిజం చెప్పాలంటే సలోమికి ఈ ఏర్పాటు బాగానే ఉంది. చిన్నప్పటి నుంచీ ఆమెను చూసినవాళ్ళందరూ నోట్లో నాలుక లేదా అనే అన్నారు. బడిలో టీచర్లు అన్నారు. చర్చిలో పాటల దగ్గర నిలబెట్టిన అక్కలు అన్నారు. ఇప్పుడు కోదండరామయ్య గారు రోజూ రాగానే ముందు సలోమి వైపు చూసి, తర్వాత లైట్ల వైపు చూసి, తృప్తిగా కూర్చుంటున్నారు. బ్యాటరీ వేడెక్కకూడదు కనుక కరెంటు పోగానే మస్తాన్‌వలి అట్ట ఫైలు తీసుకుని ఆమెకు విసురుతున్నాడు. మిగతా ఆఫీసుల వాళ్ళు పన్నెండింటికి ఫోన్లు పట్టుకుని నెట్టు కోసం ఇక్కడికి వస్తున్నారు. వచ్చినవాళ్ళు పురిటి గదిలోకి వచ్చినట్టు చిన్న గొంతుతో మాట్లాడుతున్నారు. “సర్వర్ పనిచెయ్యట్లేదు, రేపు రండి” అనే మాట ఆ ఆఫీసులో వినిపించడం మానేసింది. అది తన వల్లేనని సలోమికి తెలుసు. ఇంటికి వెళ్ళేటప్పుడు కడియం తీసి డ్రాయరులో పెడుతుంటే చెయ్యి తేలికై వెలితిగా అనిపించేది.

అడుగున ఉన్న ఐదు మాటలు ఇవి. సార్, మా వీధి బోరు ఎండిపోలేదు.

కిందటి నవంబరులో హైమావతి బోరుబావుల పట్టికను కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే మధ్యలో కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి వరుసలు ఒకటి కిందికి జరిగి ఉన్నాయి. ఆమె చూసుకోకుండా మీట నొక్కేసింది. దాంతో ఊరవతల మామిడితోటలో పదేళ్ళుగా ఎండిపోయి ఉన్న బోరు బతికింది. దాని కింది వరుసలో ఉన్న దిగువ వీధి బోరు మూతపడింది. పక్క కుర్చీలో కూర్చున్న సలోమి అది చూసింది. హైమావతి టీ తాగాక చెబుదామనుకుంది. టీ తాగాక ఆమె ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతోంది. సాయంత్రం కోదండరామయ్య గారికే చెబుదామనుకుంది. ఆయన జోడు తొడుక్కుంటున్నారు. మర్నాటికి అది నిన్నటి మాటయింది. ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదని అడుగుతారనే భయం రోజుకో రోజు పెరిగింది.

జనవరిలో దిగువ వీధి బోరు మోటారు కాలిపోయింది. మూతపడిన బోరుకు మోటారు బాగుచేయడం కుదరదని కంప్యూటరు చెప్పింది. మామిడితోటలోని ఎండు గుంతకు మాత్రం ఈలోగా రెండుసార్లు కొత్త మోటారు బిగించి వచ్చారు. దిగువ వీధిలోని ముప్పై ఒక్క ఇళ్ళ వాళ్ళు మైలు దూరం నడిచి రైల్వే గేటు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్నారు. వాళ్ళలో సలోమి కూడా ఉంది. ఆమె పొద్దున్నే రెండు బిందెలు మోసి, చీర మార్చుకుని, ఆఫీసుకు వచ్చి కడియం తొడుక్కుంటుంది.

తప్పులు దిద్దే పేజీ అంటూ ఒకటి ఉంది. అది మూడు నెలలకొకసారి, చివరి గురువారం, పదకొండున్నర నుంచి పన్నెండున్నర దాకా తెరుచుకుంటుంది. ఆ వేళకు జిల్లాలో ఎక్కడా కరెంటు ఉండదు కనుక, జిల్లాలో తప్పులు బాగా తక్కువని ఏటా నివేదిక వెళుతుంది. దిద్దాలంటే ఆ వీధికి చెందిన ఉద్యోగి ఎవరైనా ఆ గంటలోపే అధికారి ఎదుట నోటితో చెప్పాలి. అధికారి వెంటనే మీట నొక్కాలి. మార్చిలో సలోమి చెబుదామని లేచి నిలబడింది గానీ నెట్టు లేదు. జూన్‌లో నెట్టు ఉంది. తానే నెట్టు.

సెప్టెంబరు చివరి గురువారం పదకొండూ ముప్పావుకు సలోమి తల్లి ఎస్తేరమ్మ పదకొండుమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. నీళ్ళకు పోతూ పోతూ వచ్చారు కాబట్టి అందరి చంకల్లోనూ ఖాళీ బిందెలున్నాయి. బిందెలు కింద పెట్టి, కౌంటరు ముందున్న ఇనుప ఊచలు పట్టుకుని నిలబడ్డారు.

“అయ్యా, మా బోర్లో నీళ్ళుండయి” అంది ఎస్తేరమ్మ. “రాయేస్తే బుడుంగుమంటంది. కాలింది మోటారే. మీ కంప్యూటర్లో మాత్రం అది చచ్చిపోయిందని రాసిపెట్టారంట.”

“కంప్యూటర్లో ఎట్లా ఉంటే అట్లాగే ఉన్నట్టమ్మా” అన్నారు కోదండరామయ్య గారు, నెమ్మదిగానే. “దిద్దే పేజీ ఇప్పుడు తెరిచే ఉంది. మీ వీధికి చెందిన ఉద్యోగి ఎవరైనా చెబితే దిద్దుతాను.”

“ఇంకెవురు, మా పిల్లే ఉందిగా. పొద్దున రెండు బిందెలు మోసే వచ్చింది. అడగండి దాన్ని.”

ఆఫీసు మొత్తం సలోమి వైపు తిరిగింది. కోదండరామయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన రూలు తెలిసిన మనిషి. సలోమి చెబితే ఆయన మీట నొక్కేలోపే నెట్టు పోతుంది, పేజీ మూసుకుపోతుంది. చెప్పకపోతే నెట్టు ఉంటుంది, పేజీ ఉంటుంది, నొక్కడానికి ఏమీ ఉండదు. ఆయన రెండు వైపుల నుంచీ ఆలోచించి చూశారు. రెండు వైపులా షరతులకు లోబడే ఉన్నాయి.

“రూలు ప్రకారం అడగాలి గనక అడుగుతున్నాను. అమ్మా సలోమీ, ఈ బోరు సంగతి నీకేమైనా తెలుసా?”

సలోమి లేచి నిలబడింది. కడియం తీగ బిగిసింది.

“సార్” అంది.

రౌటరు లైట్లు ఒక్కసారిగా నారింజ రంగుకు తిరిగాయి. హైమావతి ల్యాప్‌టాప్‌లో నలభై ఆరు అర్జీలు సగం దాకా ఎక్కి ఆగిపోయాయి. నెట్టు కోసం వచ్చి గోడ పక్కన నిలబడ్డ వాళ్ళు ఫోన్లలోంచి తలలెత్తారు. మస్తాన్‌వలి విసరడం ఆపాడు.

“చెప్పు తల్లీ” అన్నాడు మెల్లగా. “పోతే పోయింది.”

సలోమి తల్లి వైపు చూసింది. బిందె మోసీ మోసీ నడుం దగ్గర చీర నలిగి రంగు వెలిసి ఉంది. ఆడవాళ్ళందరి చీరలకూ అదే చోట అలాగే ఉంది. ఆమె మళ్ళీ లైట్ల వైపు చూసింది. అవి ఆ రంగులో ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంతమందికి ఏదో ఆగిపోయిందని, అది తన వల్లేనని అనిపించింది. అందరూ తననే చూస్తున్నారు. చర్చిలో పాట మధ్యలో మరిచిపోయినప్పుడు ఇలాగే చూశారు.

“సార్... ఏం లేదు సార్” అని కూర్చుంది.

లైట్లు ఆకుపచ్చగా, ఇదివరకెన్నడూ లేనంత నిండుగా వెలిగాయి. నలభై ఆరు అర్జీలూ ఒక్క ఊపున ఎక్కేశాయి. మీటరు నాలుగు గంటలు దాటి ఆగింది. హైమావతి గట్టిగా ఊపిరి వదిలి, అలవాటు కొద్దీ పచ్చడి డబ్బాను సలోమి వైపు జరిపింది.

ఎస్తేరమ్మ కూతురిని చాలాసేపు చూసింది. చేతికున్న కడియం చూసింది. కుర్చీ వెనక నెంబరు చూసింది. మస్తాన్‌వలి మళ్ళీ విసరడం చూసింది. ఆమె ఏదో అనడానికి నోరు తెరిచింది. ఇంతమంది పెద్దవాళ్ళ మధ్య తన పిల్ల చల్లగా కూర్చుని ఉంది కదా అనుకుంది. పెదవులు బిగించి, ఊచలను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆమె వెనకున్న పదకొండుమంది కూడా అనాలనుకున్నవి అనకుండా ఊచలు పట్టుకునే ఉన్నారు.

అప్పుడు పైన ఫ్యాను కదిలింది. ముందు రెక్కల మీది దుమ్ము రాలింది. తర్వాత గిరగిరా తిరిగింది. కోదండరామయ్య గారి బల్ల మీది కాగితాలు ఎగిరాయి. మస్తాన్‌వలి బయటికెళ్ళి టీ కొట్టులో చూసి వచ్చాడు. అక్కడ కరెంటు లేదు. కోదండరామయ్య గారు సమయం వేసి నోట్ రాయడం మొదలుపెట్టారు.

అక్టోబరులో అనుమతి వచ్చింది. ఆదిశేషు వచ్చి కౌంటరు ఊచలను ఫ్యాన్లకూ, ట్యూబులైటుకూ, ప్రింటరుకూ, కెటిల్‌కూ కలిపి వెళ్ళాడు. అర్జీదారులు రెండు చేతులతో ఊచలు పట్టుకుని వరుసలో నిలబడవలెనని బోర్డు పెట్టారు. జనం అప్పటికే అలాగే నిలబడుతున్నారు కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించలేదు. మస్తాన్‌వలి మాత్రం ఇప్పుడు పని లేనప్పుడు వరండాలో కూర్చుంటున్నాడు. అతను లోపల ఊచల దగ్గరికి వస్తే చాలు, ట్యూబులైటు మరీ ఎక్కువగా వెలుగుతోందని హైమావతి కళ్ళకు చేతులు అడ్డం పెట్టుకుంటుంది.

ఎస్తేరమ్మ ప్రతి గురువారం వస్తుంది. బిందె పక్కన పెట్టి, ఊచలు పట్టుకుని, కూతురి వైపు చూస్తూ నిలబడుతుంది. ఫ్యాను గాలి ముందుగా సలోమికే తగులుతుంది. పనిరోజు మధ్యాహ్నం కాసేపు తల్లిని చూస్తూ కూర్చోవడం ఇదివరకు కుదిరేది కాదు. ఇప్పుడు కుదురుతోంది. సలోమికి అది సంతోషంగా ఉంది.

తూములపల్లె బోరుబావుల నమోదు కార్యాలయంలో నెట్టు ఇప్పుడు ఒక్క క్షణం కూడా ఆగదు. దిగువ వీధి బోరు నెంబరు కొడితే, కరెంటు ఉన్నా లేకపోయినా, రెండు సెకన్లలో పేజీ తెరుచుకుంటుంది. మూసివేయబడింది అని స్పష్టంగా కనిపిస్తుంది.